లాటిన్ ప్రతులలో పాఠనిర్ణయము: క్లిష్టపాఠన్యాయమునకు గల హద్దులు

ఒక గ్రంథమునకు పెక్కు వ్రాతప్రతులు లభించినపుడు ఒకే స్థానమున వేర్వేరు పదములు కనబడుట సహజము. వానిలో కవి వ్రాసినది యేది, లేఖకుని చేతిలో పుట్టినది యేది అని తేల్చుటయే పాఠనిర్ణయము. ఈ పని మన దేశమునకు క్రొత్తది కాదు. మల్లినాథసూరి కాళిదాస కావ్యములను వ్యాఖ్యానించుచు పాఠాంతరములను పేర్కొనెను, ప్రక్షిప్తములని తోచిన శ్లోకములను వేరుపరచెను. అయినను ప్రతులకు గల పరస్పరసంబంధమును వంశక్రమముగ నిరూపించి, ఆ క్రమము ననుసరించి పాఠముల విలువ కట్టు పద్ధతిని శాస్త్రముగ రూపొందించినవారు ఐరోపా ఖండమునందలి లాటిన్, గ్రీకు పండితులు. ఆ శాస్త్రమునుండి కొన్ని సూత్రములు మాత్రము, వాని పుట్టుక, వాని మినహాయింపులు లేకుండ, మన సిద్ధాంతవ్యాసముల పీఠికలలోనికి వచ్చి చేరినవి. వానిలో మిక్కిలి ప్రచారము పొందినది "క్లిష్టతరమైన పాఠమే గ్రాహ్యము" అనునది. ఈ సూత్రమును ఉదాహరించుట సులభము. ఉదాహరించిన పిమ్మట ఆలోచింప నక్కరలేదను భ్రాంతి కలుగుటయు అంతే సులభము. కావున ఏ ప్రతుల నడుమ ఈ సూత్రము పెరిగినదో ఆ ప్రతుల యొద్దనే దానిని పరీక్షించి చూచుట యుక్తము.

లాటిన్ గ్రంథముల స్థితిని ముందు గుర్తుంచుకొనవలెను. క్రీస్తునకు పూర్వపు కవులు స్వహస్తముతో వ్రాసిన ప్రతి యొక్కటియు మనకు దక్కలేదు. వర్జిల్ కవికి అయిదారు శతాబ్దుల నాటి పెద్ద ప్రతులు నిలిచియుండుట గొప్ప అదృష్టము. పెక్కుమంది కవులకు తొమ్మిదవ శతాబ్దికి పూర్వపు ప్రతులు లేవు. కటల్లస్ కవి కవితలన్నియు, ఒక్క దీర్ఘగీతము దక్క, వెరోనా నగరమున బయటపడి మరల నశించిన ఒకే యొక ప్రతిమీద ఆధారపడియున్నవి. దానినుండి పుట్టిన పదునాలుగవ శతాబ్దపు ప్రతులు మూడు, ఆక్స్‌ఫర్డు, పారిస్, వాటికన్ గ్రంథాలయములందు ఒక్కొక్కటి చొప్పున ఉన్నవి. వాటికన్ ప్రతిని 1896లో హేల్ అను అమెరికా పండితుడు గుర్తించువరకు దాని విలువ ఎవరికిని తెలియదు. పూర్వకాలపు రోమను గ్రంథములందు పదములకు నడుమ విరామము లేదు. మన తాళపత్రములందును అంతే కదా. మన లేఖకులు పకార వకారములను, మకార యకారములను తారుమారు చేసినట్లే అచటి లేఖకులు ఒక లిపినుండి వేరొక లిపికి ఎత్తి వ్రాయునపుడు అక్షరములను తారుమారు చేసిరి. సంక్షేపచిహ్నములను తప్పుగ విప్పిరి. ఒక పంక్తినుండి వేరొక పంక్తికి కన్ను జారినచోట నడుమ భాగమును విడిచిరి.

పందొమ్మిదవ శతాబ్దమున జర్మను పండితుడైన లాఖ్‌మన్ 1850లో లుక్రీషియస్ కావ్యమును పరిష్కరించి ప్రకటించెను. లైడెన్ నగరమున గల రెండు తొమ్మిదవ శతాబ్దపు ప్రతులలోని లోపములను, పుటల తారుమారులను గణించి, వానికి మూలమైన నష్టమాతృక పుటకు 26 పంక్తుల చొప్పున 302 పుటలు గలదని ఆయన నిర్ణయించెను. కంటికి కనబడని గ్రంథమునకు పుటల సంఖ్య చెప్పిన ఈ సాహసము నాటి విద్వల్లోకమును అబ్బురపరచెను. ప్రతులను లెక్కించుట గాక వాని వంశమును తూచవలెనను తత్త్వము అప్పటినుండి స్థిరపడినది. నూరు ప్రతులు ఒకే మాతృకనుండి పుట్టినవైనచో ఆ నూటికిని ఒక్క సాక్షి విలువయే. ఇంతవరకు వివాదము లేదు.

చిక్కు వంశవృక్షము పూర్తియైన తరువాత మొదలగును. మాతృకనుండి మూడు శాఖలు చీలినపుడు రెండు శాఖలు ఏకీభవించిన పాఠము మాతృకలోనిదని చెప్పవచ్చును. రెండే శాఖలున్నచో ఇటొకటి అటొకటి నిలుచును. తీర్పు మరల పరిష్కర్త వివేకముమీదనే పడును. ఫ్రెంచి పండితుడు బెదియే 1928లో ప్రాచీన ఫ్రెంచి గ్రంథముల వంశవృక్షములను నూటపదింటిని పరిశీలించి, వానిలో నూటయైదు రెండు శాఖలవేయని చూపెను. ప్రకృతిలో చెట్లు ఇట్లు పెరుగవు. తమ స్వేచ్ఛను నిలుపుకొనుటకై పండితులే తెలియకుండ మూడవ కొమ్మను నరకుచున్నారని ఆయన అనుమానము. ఆ అనుమానమునకు సమాధానములు కొన్ని వచ్చినవి కాని, యంత్రమువలె పనిచేయు పద్ధతి ఉన్నదను నమ్మకము మాత్రము మరల పూర్వపు బలమును పొందలేదు.

ఇట్టి సందర్భమున అక్కరకు వచ్చునది క్లిష్టపాఠన్యాయము. 1697లో వెలువడిన లెక్లేర్ పండితుని విమర్శశాస్త్రగ్రంథమున దీని ఛాయలు కలవు. 1734లో బెంగెల్ క్రైస్తవ నూతననిబంధన గ్రీకు మూలమును పరిష్కరించుచు దీనిని సూత్రముగ స్థాపించెను. దీని హేతువు సరళమైనది. లేఖకుడు తనకు తెలియని పదమును తెలిసిన పదముగ మార్చుట కద్దు, తెలిసినదానిని తెలియనిదిగ మార్చుట అరుదు. కావున రెండు పాఠములలో కఠినమైనది మూలమునకు చేరువ.

ఈ న్యాయము చక్కగ పనిచేయు స్థలమొకటి చూపుదును. కటల్లస్ తన తొలికవితలో క్రొత్తగ సిద్ధమైన చిన్న పుస్తకమును వర్ణించుచు అది ఎండిన నురుగురాతితో మెరుగుపెట్టబడినదని చెప్పును. నురుగురాయికి లాటినున గల పదము సాధారణముగ పుంలింగము. ప్రతులన్నియు దాని విశేషణమును పుంలింగమున "ఆరిదో" అనియే చూపుచున్నవి. కాని వర్జిల్‌కు వ్యాఖ్య వ్రాసిన సర్వియస్, ఐనీడ్ కావ్యము పండ్రెండవ సర్గమున ఈ పదము వచ్చినచోట ఆగి, వర్జిల్ దీనిని పుంలింగముగ వాడెననియు, కటల్లస్ మాత్రము స్త్రీలింగముగ వాడెననియు చెప్పుచున్నాడు. మనకు దక్కిన కటల్లస్ కవితలలో ఈ పదము వేరొకచోటను కలదు. అచట దాని లింగము తెలియదు. లింగము తెలియునది తొలికవితలోనే. కావున సర్వియస్ చూచిన ప్రతిలో "ఆరిదా" అని యుండెననుట స్పష్టము. "ఆరిదా" వింత. "ఆరిదో" వాడుక. వాడుకనుండి వింత పుట్టుటకు కారణము కనబడదు. వింతను చూచిన లేఖకుడు వ్యాకరణదోషమని దిద్దుట దినదినము జరుగునదే. ఛందస్సు ఇచట సాక్ష్యమియ్యదు. రెండు రూపముల మాత్రలును సమానములు. తెలుగు పద్యమునకు యతిప్రాసలు కొన్ని అక్షరములకైనను కావలి కాయుచున్నవి. లాటిన్ పద్యమునకు గురులఘువుల క్రమమే కాని అట్టి కావలి లేదు.

ఇచట మనలను నడిపించినది కాఠిన్యమొక్కటియే కాదనుట గమనింపవలెను. సర్వియస్ సాక్ష్యము లేనిచో "ఆరిదా" అను పాఠము ఉండెనని ఊహించు హక్కు కూడ మనకు లేదు. న్యాయము రెండు సాక్షుల నడుమ తీర్పు చెప్పినది. సాక్షిని సృష్టించలేదు.

న్యాయమునకు ఏమియు పని లేని స్థలములు పెక్కులు. సెనెకా లేఖలలో ఎనుబదితొమ్మిదవదానియందు జ్ఞానమునకును తత్త్వవిచారమునకును గల భేదము చెప్పబడినది. తత్త్వవిచారము తన పేరుననే ఒప్పుకొనుచున్నదని వాక్యము. ఏమి ఒప్పుకొనుచున్నది? ప్రతులలో తరువాత "క్విదామ్ ఎత్" అని రెండు పదములు కలవు. "కొందరు", "మరియు" అని వాని అర్థము. వెనువెంటనే జ్ఞానమును కొందరు ఇట్లు నిర్వచించిరని మరల అదే "కొందరు" వచ్చును. ఒకే వాక్యమున రెండు "కొందరు", ఒప్పుకొనుటకు కర్మ లేదు. డెన్మార్కు పండితుడైన మద్విగ్ అక్షరములను ఒక్కటియు చెరుపక, విరామమును మాత్రము జరిపి, 1871లో "క్విద్ ఆమెత్" అని చదివెను. "దేనిని ప్రేమించునో" అని అర్థము. తత్త్వవిచారము తాను దేనిని ప్రేమించునో తన పేరుననే ఒప్పుకొనుచున్నది. గ్రీకు పదమగు "ఫిలొసొఫియా" జ్ఞానప్రేమ యనుటయే కదా. ఇచట ప్రతుల పాఠము కఠినమా, సులభమా? పదములు అతిసులభములు, వాక్యము దుర్గ్రాహ్యము. మద్విగ్ పాఠమున పదములును సులభములు, వాక్యమును సుగమము. క్లిష్టతను కొలబద్దగ పట్టుకొన్నవాడు ఇచట సత్యమును త్రోసిపుచ్చి దోషమును గౌరవించును. లేఖకుని అజాగ్రత్తవలన పుట్టిన అర్థరాహిత్యముకన్న కఠినమైనది లోకమున లేదు.

"క్లిష్టము" అనుమాటకు కర్త యెవరని అడుగవలెను. మనకు క్లిష్టమా, లేఖకునికి క్లిష్టమా? తొమ్మిదవ శతాబ్దపు మఠములోని సన్న్యాసికి రోమను న్యాయస్థానపు పరిభాష తెలియదు, కీర్తనలు కంఠస్థములు. పదునైదవ శతాబ్దపు ఇటలీ పండితుడు తాను వ్రాయు ప్రతిని దిద్దుచు వ్రాయును, అందముగ దిద్దును. మొదటివాని ప్రతిలో వింతపదము నమ్మదగినది. రెండవవాని ప్రతిలోని వింతపదము అతని పాండిత్యఫలము కావచ్చును. లేఖకుని కాలము, విద్య, అలవాట్లు తెలియక క్లిష్టపాఠమని పేరు పెట్టుట రోగిని చూడక మందు వ్రాయుటవంటిది.

బెంట్లీ వ్యవహారము వేరు. 1711లో ఆయన ప్రకటించిన హొరేస్ కావ్యసంపుటిలో అప్పటివరకు చెల్లుచున్న పాఠములకు ఏడువందలకు పైగా మార్పులు కలవు. యుక్తియు, విషయస్వభావమును నూరు ప్రతులకంటె బలవత్తరములని ఆయన మతము. మేసినస్‌కు వ్రాసిన పద్యలేఖలో హొరేస్ ఒక కథ చెప్పును. సన్నని గుంటనక్క యొకటి ఇరుకు సందున దూరి ధాన్యపుబుట్టలో ప్రవేశించి, కడుపునిండ తిని, వెలికి రాలేక తన్నుకొనుచుండగ, దూరముననున్న ముంగిసవంటి చిన్నజంతువు సలహా చెప్పినదట. నక్క గింజలు తినదు, దాని పండ్లు అందుకు తగవు అని బెంట్లీ ఆక్షేపణ. అందుచే నక్కను తొలగించి "నీతేదులా" అను పొలపుటెలుకను ప్రవేశపెట్టెను. ఛందస్సు చెడలేదు. ఏ ప్రతిలోను ఈ పదము లేదు.

ఈ ఊహను పరిహసించుట సులభము కాని న్యాయము కాదు. జెరోమ్ తన లేఖ యొకదానియందు, కడుపునిండిన ఎలుక ఇరుకు రంధ్రమునుండి వెలువడజాలదను ఈసపు కథను స్మరించెను. కావున ఎలుక కథ యొకటి ప్రాచీనులలో వ్యాప్తమై యుండెను. గ్రీకు ఈసపు కథలలో నక్కయు కలదు కాని, అది చెట్టుతొఱ్ఱలో గొల్లలు దాచిన రొట్టెను, మాంసమును తినును, ధాన్యమును కాదు. అపురూపమైన ఎలుక పేరు తెలియని లేఖకుడు కథలలో సుపరిచితమైన నక్కను వ్రాసెననుట అసంభవము కాదు. బెంట్లీ పక్షపాతులు ఇచట క్లిష్టపాఠన్యాయమును ఆశ్రయింపవచ్చును. ఎలుక పేరు కఠినము, నక్క పేరు సులభము.

కాని ఈ ప్రయోగమే న్యాయమునకు అపచారము. ప్రతులలో నున్న రెండు పాఠముల నడుమ తీర్పునకై పుట్టిన సూత్రమును, ప్రతులలో లేని పదమునకు సమర్థనముగ వాడినచో, నిఘంటువునందలి ప్రతి యరుదైన పదమును ఏదో యొక సులభపదమును తొలగించి కూర్చుండగలదు. ఊహాపాఠమునకు బలము దాని కాఠిన్యమున లేదు. ఉన్న పాఠము నిలువదని చూపుటలో ఉన్నది. నక్క నిలువదా? కథాలోకమున జంతువుల ఆహారనియమములను ఎవరు పాటించిరి? ముసలిపులి బంగారు కడియము చేతబట్టి బాటసారిని పిలిచిన హితోపదేశకథను చదువుకొన్న మనకు నక్క గింజలు తినుట ప్రాణాంతకమైన వింతగ తోచదు. కావున మూలమున నక్కనే యుంచి, బెంట్లీ ఊహను అధోజ్ఞాపికలో చూపుటయే మేలు. ఆ ఊహ మూలములో నిలువదగదని నా అభిప్రాయము, మరువదగినదని మాత్రము కాదు. ప్రశ్న నిజమైనది, ప్రత్యుత్తరము తప్పనిసరి కాదు.

ప్రతుల ప్రాచీనతను, శ్రేష్ఠతను గూర్చి ఒక్క మాట చాలును. జువెనల్ కవికి మోంపెల్లియే నగరపు ప్రతి శ్రేష్ఠమని ప్రసిద్ధి. అయినను 1899లో విన్‌స్టెట్ అను యువకుడు ఆక్స్‌ఫర్డునందలి బోడ్లియన్ గ్రంథాలయమున గల పదునొకండవ శతాబ్దపు ప్రతియందు ఆరవ అధిక్షేపకావ్యమున 36 అధికపంక్తులను కనుగొనెను. ఆ శ్రేష్ఠప్రతిలో ఇవి లేవు. వాని ప్రామాణ్యమును గూర్చి వాదము నడచినది. హౌస్‌మన్ 1905 నాటి తన ప్రతిలో వానిని కవికృతములుగనే గ్రహించెను. ఉత్తమప్రతిని గుడ్డిగ నమ్ముట ఆలోచింప భయపడువారి ఆశ్రయమని ఆయన పీఠికలలో పరుషముగ వ్రాసినది నేటికిని చదువదగినది. తరువాతిప్రతి యైనంతమాత్రమున హీనము కాదని ఇటలీ పండితుడు పాస్క్వాలీ 1934లో విస్తరించి నిరూపించెను. తాళపత్రములు కొన్ని శతాబ్దులకు మించి నిలువని మన వాతావరణమున ఈ మాట మరింత విలువైనది. 1933లో సుక్థంకర్ మహాభారత ఆదిపర్వమునకు వ్రాసిన పీఠికయందు, ఈ పాశ్చాత్యపద్ధతులను యథాతథముగ అంటించుట కుదరదని చూపుచునే, తక్కిన పాఠములు ఎట్లు పుట్టెనో వివరింపగల పాఠమునకు పెద్దపీట వేసెను. ఆ ఇతిహాస సంశోధితముద్రణము 1966లో ముగిసినది.

తక్కిన పాఠముల పుట్టుకను వివరింపగల పాఠమే మూలము: ఇదియే అసలైన ప్రశ్న. క్లిష్టత దానిలో ఒక భాగము మాత్రమే. దీనిని వర్జిల్ నాలుగవ గోపగీతపు చివరి రెండు పంక్తులలో కన్న స్పష్టముగ వేరొకచోట చూడలేము.

ఆ గీతము క్రీ.పూ. 40లో, పొలియో కాన్సలుగ నున్న వత్సరమును ఉద్దేశించినది. ఒక శిశువు పుట్టబోవుచున్నాడు, వానితో స్వర్ణయుగము మరలి వచ్చునని కవి చెప్పును. ఆ శిశువు ఎవరను వాదము ఇరువది శతాబ్దులుగ తెగలేదు. క్రైస్తవులు దీనిని క్రీస్తు జననసూచకమనిరి. చివర కవి శిశువును సంబోధించి, నవ్వుతో తల్లిని గుర్తింప మొదలుపెట్టుమని రెండుమారులు ఆజ్ఞాపించి, కారణము చెప్పును. ఆ భాగము లభించు ప్రాచీనప్రతులలో కారణవాక్యము "కుయ్" అను ఏకవచన చతుర్థితో మొదలై "పారెంతేస్" అను బహువచనముతో ముగియును. ఎవనికి తల్లిదండ్రులు నవ్వు చూపలేదో వానిని దేవుడు పంక్తిభోజనమునకును, దేవత శయ్యకును అర్హునిగ తలపలేదని భావము. సర్వియస్ కూడ ఇట్లే చదివెను.

కాని క్రీ.శ. 95 ప్రాంతమున క్వింటిలియన్ తన వక్తృత్వశాస్త్రము తొమ్మిదవ భాగమున, బహువచనమునుండి ఏకవచనమునకు మారు అలంకారమునకు ఈ పంక్తులనే ఉదాహరించెను. నవ్వనివారు అను బహువచనమునుండి వీడు అను ఏకవచనము వచ్చినదని ఆయన వివరణము. ఈ వివరణము పొసగవలెనన్నచో వాక్యము "క్వీ" అను బహువచన ప్రథమతో మొదలుకావలెను. అపుడు నవ్వనివారు శిశువులు, తల్లిదండ్రులు కారు. ఇంతకన్న ఆశ్చర్యమైనది, క్వింటిలియన్ గ్రంథపు ప్రతులలోనే ఉదాహరణమున "కుయ్" అనియే యున్నది. ఉదాహరణము ఒకటి చెప్పుచున్నది, వివరణము వేరొకటి చెప్పుచున్నది. బడిలో వర్జిల్‌ను కంఠస్థము చేసిన లేఖకులు ఉదాహరణమును తమకు తెలిసిన పాఠమునకు సరిపుచ్చిరి. వివరణమును మార్చవలెనని వారికి తోచలేదు. పదునైదవ శతాబ్దమున పొలిత్సియానో ఈ విషయమును ఎత్తిచూపెను. మన లక్షణగ్రంథములందును ఉదాహృతపద్యము లక్షణమునకు పొసగని చోట్ల, లాక్షణికుడు పొరపడెననుటకు ముందు లేఖకుడు పద్యమును దిద్దెనేమో యని విచారించుట మేలు.

క్వింటిలియన్ సాక్ష్యము మన ప్రాచీనప్రతులకంటె సుమారు నాలుగువందల యేండ్లు పెద్దది. ఆయనయే పొరబడియుండరాదా యను శంకకు ఆయన గ్రంథముననే సమాధానము కలదు. పూర్వము "కుయ్" అను పదమును "క్వొయ్" అని వ్రాయుచుండిరి. ఆ పాతప్రతులలో "క్వొయ్", "క్వీ" లకు భ్రమపడుట సులభము. తన బాల్యమున "క్వీ" నుండి వేరుపరచుటకై "క్వొయ్" అని వ్రాసెడివారని క్వింటిలియన్ మొదటి భాగముననే చెప్పుచున్నాడు. ఆ గోతిని ఎరిగినవాడు ఆ గోతిలోనే పడెననుట కష్టము. విపర్యయము సులభము. ముందు "క్వీ" అని బహువచనము చదివి, తరువాతి పంక్తిలో "వీనిని" అను ఏకవచనమును చూచిన వెనుకటి దిద్దరి, ఇది "క్వొయ్" అనుదాని చెడిన రూపమని తలచి, తన కాలపు వ్రాతతో "కుయ్" అని దిద్దెను. క్రియ బహువచనమున నున్నది. "కుయ్" వచ్చిన వెంటనే ఆ క్రియకు వేరొక బహువచన కర్త కావలసివచ్చెను. వాక్యమున మిగిలిన నామము ఒక్కటే.

కావున రెండవ పదమును చూడవలెను. "క్వీ"తో "పారెంతేస్" నిలిచినచో అది ద్వితీయ కావలెను. లాటినున ఈ క్రియ ద్వితీయతో చేరినపుడు ఎగతాళిచేయుట యను అర్థమువైపు మొగ్గును. శిశువు తల్లిని చూచి ఎగతాళి చేయడు. చతుర్థ్యేకవచనమగు "పారెంతీ" అనుచో "తల్లికి నవ్వు చూపనివారు" అని సహజముగ పొసగును. ఈ రూపము ఏ ప్రతిలోను లేదు, ఇదియు ఊహయే. అయినను బెంట్లీ ఎలుకకును దీనికిని భేదము గొప్పది. ఎలుకను ఒప్పుకొన్నచో నక్క ఎట్లు వచ్చెనో వేరుగ ఊహింపవలెను. "పారెంతీ" అని ఒప్పుకొన్నచో "పారెంతేస్" తప్పక రావలసిన కారణము ఇంతకుముందే సిద్ధమై యున్నది. మొదటి దోషము రెండవదానిని కన్నది. 1969 నాటి ఆక్స్‌ఫర్డు ప్రతిలో మైనర్స్ ఈ రెండింటిని మూలముననే ముద్రించెను.

అర్థమునుబట్టి చూచినను ఇదియే బలవత్తరము. కవి శిశువునకు మొదలుపెట్టుమని ఆజ్ఞ యిచ్చుచున్నాడు. నవ్వవలసినవారు తల్లిదండ్రులైనచో శిశువునకు ఆజ్ఞ యేల? తల్లి నవ్వునుబట్టి తల్లిని గుర్తింపుమని అర్థము చెప్పి ప్రతులపాఠమును నిలుపజూచినవారు కలరు. అపుడును శిశువు చేయవలసినది చేయకపోయిన ఫలము చెప్పవలెను గాని, పెద్దలు చేయనిదాని ఫలము చెప్పుట కుదరదు. కటల్లస్ వివాహగీతమొకటిలో తల్లి యొడినుండి తండ్రివైపు చేతులు చాచి, సగము తెరచిన పెదవులతో నవ్వు శిశువును వర్ణించెను. వర్జిల్ ఆ గీతము నెరుగనివాడు కాడు. దైవాంశగల యుగపురుషుని చరిత్ర అంతయు ఒక పసికందు తొలినవ్వుపై ఆధారపడియున్నదని చెప్పుట ఈ గీతపు ముగింపునకు గల సౌందర్యము. ప్రతులపాఠమున ఆ నవ్వు పెద్దలదై పోయినది.

ఇచట "క్వీ" పాఠము క్లిష్టమే. వచనము మారుట రోమనులకే అలంకారమని చెప్పవలసినంత వింతగ నుండెను. కాని క్లిష్టమగుటచేత దానిని గ్రహింపలేదు. ప్రాచీనసాక్షి కలడు, సాక్షి పొరబడలేదనుటకు అతని మాటయే ఆధారము, తక్కిన పాఠములు దానినుండి పుట్టిన మార్గము అక్షరాక్షరముగ కనబడుచున్నది, సందర్భము దానిని కోరుచున్నది. వీనిలో ఒక్కటి తగ్గినను తీర్పు ఇంత ధైర్యముగ చెప్పుటకు వీలు లేదు.

ఒక చిన్న విషయము మిగిలినది. వర్జిల్‌ను పరిష్కరించువాడు "క్వీ", "పారెంతీ" అని ముద్రింపవచ్చును. క్వింటిలియన్‌ను పరిష్కరించువాడు ఏమి ముద్రింపవలెను? అతని కర్తవ్యము వర్జిల్ వ్రాసినదానిని కాక, క్వింటిలియన్ చదివినదానిని నిలుపుట. వివరణము మొదటి పదమునకే సాక్ష్యమిచ్చుచున్నది, రెండవదానిని గూర్చి మౌనము. క్వింటిలియన్ చూచిన పుస్తకమున "పారెంతేస్" అప్పటికే ప్రవేశించి, ఆయన దానిని ద్వితీయగ గ్రహించి యుండవచ్చును. కావున ఆయన గ్రంథమున మొదటి పదమును దిద్ది, రెండవదానిని ప్రతులలో నున్నట్లే విడుచుట యుక్తము. అపుడు ఒకే పంక్తి రెండు గ్రంథములలో రెండు విధములుగ ముద్రితమగును, రెండును సరియైనవే.